శనివారం పొయ్యి

శనివారం పిన్నిగారు పోయారు.

పోయిన నెలలో కార్డు వచ్చింది. బళ్ళో ఆఖరి పీరియడు డ్రిల్లులో పిల్లలతో గుంజిళ్ళు తీయించి, గొంతు బొంగురుపోయి, కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి పోస్టుమాను గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కార్డు అంచుకి నల్లసిరా పూసి ఉంది. అలాంటి కార్డు వీధిలోనే చదివి, చింపేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలి. చదివాను. చింపలేదు. బాబాయిగారి దస్తూరీ. “మీ పిన్ని గురువారం తెల్లవారుజామున కాలం చేసింది. వీలుంటే రావలెను.” అంతే. మా ఆవిడ లోపలినుంచి “ఎవరండీ?” అంది. “ఎవరూ లేరు” అన్నాను. కార్డు చొక్కాజేబులో పెట్టుకుని అలాగే లోపలికి వెళ్ళిపోయాను. మైలపడితే ఇల్లు పడనీ అనిపించింది.

పిన్నిగారంటే నాకు రక్తసంబంధం ఏమీ కాదు. శనివారం ఆమెకి ఇంటిపేరూ కాదు. అది చెప్పకుండా మిగతాది చెప్పలేను.

మాది పెడన. ఇంట్లో రెండు మగ్గాలుండేవి. యుద్ధం రోజుల్లో నూలు దొరక్క రెండూ మూలపడ్డాయి. అప్పటికే నాకు బెజవాడ కాలేజీలో బి.ఏ.లో సీటు వచ్చింది. నాన్న నన్ను వెంటబెట్టుకొచ్చి, బట్టల వ్యాపారాల్లో, కొట్లలో ఉన్న మావాళ్ళ ఇళ్ళు తిప్పి, ఏడు రోజులకి ఏడిళ్ళలో వారాలు కుదిర్చాడు. రోజుకొక ఇంట్లో రెండుపూటలా భోజనం. పడక గవర్నరుపేటలో ఒక బట్టలకొట్టు వెనక గదిలో, బేళ్ళ మధ్య. “ఎవరింట్లోనూ ఇంకొంచెం వడ్డించమని అడక్కు, పెట్టింది తిని లే” అని చెప్పి నాన్న బస్సెక్కాడు. ఆ మాట నాకు బాగా పట్టింది. పట్టకపోయినా బాగుండేది.

వారాలు చేసుకునేవాడికి ఇళ్ళు రోజులుగానే గుర్తుంటాయి. సోమవారం వాళ్ళు పులుసు బాగా పెట్టేవారు. బుధవారం ఇల్లాలు మూడో ముద్దకే మజ్జిగ తెచ్చి నిలబడేది. శనివారం ఇల్లు మా కాలేజీ ఆటస్థలం గోడకి ఆనుకుని ఉండేది. పెరట్లోంచి డాబా మీదికి మెట్లు. ఆ డాబా మీద నిలబడితే మా బాస్కెట్‌బాల్ కోర్టు మొత్తం కనిపించేది. బాబాయిగారు ఒక పెద్ద బట్టలకొట్లో గుమాస్తా. మాట తక్కువ మనిషి. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు మిలటరీలో లారీ డ్రైవరుగా చేరి బర్మా వైపు వెళ్ళాడు.

మొదటి శనివారం పదకొండు గంటలకి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. పిన్నిగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. పొట్టి మనిషి. పెద్ద గొంతు.

“అబ్బాయ్, ముందే చెబుతున్నా, నొచ్చుకోకు. మా ఇంట్లో శనివారం పగలు పొయ్యి వెలగదు. మావాడు తిరిగొచ్చేదాకా ఏడుకొండలవాడికి మొక్కుకున్నా. చుక్క పొడిచాకే వంట. అప్పుడు నీకు కడుపునిండా పెడతాను, ఆ పూచీ నాది. పగలు ఎక్కడన్నా తింటావుగా?”

“తింటానండీ.”

“ఎక్కడ?”

“హోటల్లోనండీ.”

హోటలా, నా మొహమా! నా దగ్గర కాఫీకి సరిపడా చిల్లర కూడా ఉండేది కాదు. శుక్రవారం రాత్రి తింటే మళ్ళీ శనివారం చుక్క పొడిచాకే. మధ్యలో కుళాయి నీళ్ళు. ఆ ఒక్క అబద్ధం మా కాలేజీ జట్టు కొంప ముంచింది.

ఎందుకంటే మా మ్యాచీలన్నీ శనివారాలే. ఆ రోజు కాలేజీ ఒంటిపూట. సాయంత్రం నాలుగున్నరకి ఆట. బంతి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళి అందరికీ అందించే పని నాది. మగ్గానికి నూలుకండెలు అందిస్తూ పెరిగినవాణ్ణి కనక చేతులు చురుకు అనేవారు మా డ్రిల్లు మాస్టారు. మొదటి సగంలో నిజంగానే ఆడేవాణ్ణి. ఖాళీ కడుపుతో ఒళ్ళు తేలిగ్గా ఉండేది. ఇంటర్వెల్ వేళకి మేము ఎనిమిదో పదో పాయింట్లు ముందుండేవాళ్ళం. కుర్రాళ్ళు గోడలెక్కి కేకలు పెట్టేవాళ్ళు. ఆ తర్వాత పావుగంట కూడా బాగానే సాగేది. ఆఖరి అయిదు నిమిషాల్లో మా కాళ్ళూ చేతులూ మావి కాకుండా పోయేవి. ఏలూరు జట్టు మీద అలాగే పోయింది. గుంటూరు వాళ్ళ మీద అలాగే పోయింది. ముందుండి ఓడిపోవడమంటే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. వెనకుండి ఓడిపోతే ఇంటికెళ్ళి నిద్రపోవచ్చు.

డ్రిల్లు మాస్టారు మంచివాడు, కానీ అప్పటికే అలిసిపోయిన మనిషి. విజిలు మెళ్ళో వేసుకుని, పంచె ఎగ్గట్టి, ప్రతి ఓటమి తర్వాతా ఒకటే మాట అనేవారు. “మనకి వెనకుండటం చాతనవును గానీ ముందుండటం చాతకాదర్రా. ఏం చేస్తాం, పదండి.” మా కెప్టెను మాత్రం ఊరుకునేవాడు కాదు. గన్నవరం దగ్గర మోతుబరుల పిల్లాడు. మనిషి వెన్న, నోరు మిరపకాయ.

“ఏరా, ఆఖర్లో నీ చేతిలో బంతి ఎందుకు నిలవదురా? మొదటి సగంలో పులివి, రెండో సగంలో పిల్లివి. ఎవడన్నా గడ్డి పెట్టాడా ఏంటి నీకు?”

గడ్డి పెట్టినా తినేవాణ్ణే ఆ పూట. ఆకలేస్తోందని చెప్పడానికి సిగ్గు. చెబితే శనివారం ఇంటివాళ్ళు పస్తు పెడుతున్నారని ఊరంతా అంటుంది. ఆ మాట నా నోట రాకూడదనుకున్నాను.

కార్తీక మాసంలో రాజమండ్రి జట్టు వచ్చింది. ఆరు పాయింట్లు ముందున్నాం. ఆఖర్లో నా కళ్ళముందు బుట్ట రెండుగా కనిపించింది. బంతి ఎవరికి ఇస్తున్నానో తెలియకుండా అవతలివాడి చేతిలో పెట్టేశాను. ఓడిపోయాం. గుంజ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. మాస్టారు వచ్చి పక్కన గొంతుకూర్చుని మెల్లిగా చెప్పారు. “వచ్చే వారం ఒక్కసారి చూస్తానోయ్. అప్పుడూ ఇదే అయితే నీ బదులు ఇంకోణ్ణి దింపాలి. నా చేతుల్లో లేదు.” జట్టులో ఉన్నాననే నా ఫీజులో రాయితీ ఇచ్చారు. జట్టులో చోటు పోతే రాయితీ పోతుంది. రాయితీ పోతే పెడన బస్సే గతి, పని లేని మగ్గాల పక్కన ఇంకొక పని లేని మనిషిని.

ఆ సాయంత్రం చుక్క పొడిచాక పిన్నిగారింట్లో ఆకు ముందు కూర్చున్నాను. ఆమె వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగారు.

“పగలు ఏం తిన్నావ్?”

“ఇడ్లీలండీ.”

“ఎన్ని?”

“నాలుగండీ.”

“నాలుగు ఇడ్లీలు తిన్నవాడు పప్పులోకే మూడుసార్లు అన్నం పెట్టించుకోడురా. నేను డాబా మీద ఒడియాలు తీస్తూ చూశాను. ఆ కర్ర పట్టుకుని కూలబడ్డావే, అది ఓడిపోయినవాడు కూర్చున్నట్టు లేదు.”

నేను తలెత్తలేదు. ఆమె గరిటె గిన్నెలో పెట్టేసి గోడకి చేరగిలబడ్డారు. చివరికి “ఎన్ని శనివారాల నుంచి?” అన్నారు. “మొదటినుంచీనండీ” అన్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లేచి పెరట్లోకి వెళ్ళారు. పక్కన బాబాయిగారు అన్నంలో వేలు పెట్టి అలాగే కూర్చున్నారు.

మరుసటి శనివారం పది గంటలకి కోర్టు మీద నీళ్ళు చల్లుతున్నాం. మట్టి కోర్టు, తడిపి దిమ్మిస కొట్టకపోతే బంతి లేవదు. కెప్టెను తలెత్తి, “మీ శనివారం ఇంట్లో పొగొస్తోందేంట్రా?” అన్నాడు. చూశాను. వంటింటి పొగగూట్లోంచి పొగ. ముందు నాకు భయం వేసింది. ఏదన్నా అంటుకుందేమోనని గోడ దూకి పరిగెత్తాను.

వంటింట్లో పిన్నిగారు తడిబట్టతో పొయ్యి ముందు కూర్చుని ఉన్నారు. గుమ్మంలో బాబాయిగారు.

“మొక్కు సంగతేంటే?” అంటున్నారాయన.

“మొక్కింది నేను. పస్తుండేదీ నేనే, చుక్క పొడిచేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టను. పొయ్యి మొక్కుకోలేదుగా!”

“మాటలకేం. దేవుడితో పరాచికాలా?”

“పరాచికాలేంటండీ? మనవాడికి ఆ అడవుల్లో ఏ తల్లన్నా ఇంత పెట్టకపోతుందా అని రోజూ ఏడుస్తున్నాను. ఆకలేసి నా గుమ్మంలోకొచ్చిన పిల్లాణ్ణి చుక్క పొడిచేదాకా ఆగమంటే, ఆ తల్లి మాత్రం వాడికెందుకు పెడుతుంది? ఏం చూసి పెడుతుంది?”

బాబాయిగారు నన్ను చూసి తప్పుకుని వీధిలోకి వెళ్ళిపోయారు. బియ్యం రేషను మీద వస్తున్న రోజులవి. ఆయన కోపం బియ్యం గురించి కాదని మాత్రం నాకు తెలుసు.

అంత చేశాక ఆ రోజు గెలిచామనుకుంటున్నారేమో. లేదు. వంట అయ్యేసరికి ఒంటిగంట దాటింది. ఆవిడ కసికొద్దీ పెట్టారు. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర, పెరుగు. “ఇంకొంచెం, ఇంకొంచెం” అంటూ నా వెనకటి పస్తులన్నీ ఒక్కపూటలో తీర్చేశారు. నేనూ వద్దనలేదు. నాలుగున్నరకి కోర్టులో దిగితే బస్తా మోస్తున్నట్టు ఉంది. అంతకుముందు ఆఖర్లో ఓడేవాళ్ళం, ఆ రోజు మొదట్లోనే ఓడిపోయాం. గోడ అవతల దోసకాయ పాదులో వాంతి కూడా చేసుకున్నాను. అదృష్టం బాగుండి మాస్టారు “ఒంట్లో బాగాలేదు వీడికి” అని ఇంకొక వారం గడువిచ్చారు.

పిన్నిగారు మాత్రం నొచ్చుకోలేదు. వంట చెడితే ఎక్కడ చెడిందో చూసుకునే మనిషి. “ఆట ఎన్నింటికి? ఎంతసేపు? మధ్యలో ఆపుతారా? ఆపితే ఎంతసేపు?” అని గుచ్చిగుచ్చి అడిగారు. మా మాస్టారు కూడా నన్నెప్పుడూ అన్ని ప్రశ్నలు వేయలేదు. పై శనివారం నుంచి పదకొండుకల్లా ఆకు వేసేసేవారు. పల్చటి పప్పుచారు, ఒక కూర, మజ్జిగ. “నెయ్యి రాత్రికి” అనేవారు. ఇంటర్వెల్‌లో గోడమీంచి పెద్ద చెంబు అందించేవారు, అల్లం, ఉప్పు వేసిన మజ్జిగ, జట్టందరికీ. కెప్టెను మొదటి రోజు బెట్టు చేశాడు. రెండో వారం నుంచి ముందు వాడే తాగేవాడు.

ఇక నా కాళ్ళు నిలిచాయి. అయినా ఆధిక్యం నిలవలేదు. ఏడు పాయింట్లు ముందుండి ఏలూరు వాళ్ళ చేతిలో మళ్ళీ ఒక్క పాయింటుతో పోయాం. ఆ రాత్రి భోజనంలో నేనే అన్నాను, నీరసంగా, “ఇది ఆకలి కూడా కాదు పిన్నిగారూ. మా రాత ఇంతే.”

“రాతా లేదు, గీతా లేదు. మీ అందరికీ ఒక జబ్బుంది. నేను పైనుంచి చూస్తూనే ఉన్నా. గెలిచేస్తున్నామని తెలిసిన దగ్గర్నుంచీ అందరూ ఆ గడియారం పట్టుకున్న అయ్యగారి వంక చూస్తారేంట్రా? బంతి చూడరు, అవతలివాణ్ణి చూడరు. ఎప్పుడెప్పుడు అయిపోతుందా అని ఆయన మొహంలోకి చూస్తారు.”

కెమిస్ట్రీ లెక్చరరుగారు లాబొరేటరీలోంచి స్టాప్‌వాచీ తెచ్చి గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నిజమే. ముందున్నామంటే చాలు, మా అయిదుగురి తలలూ ఆయన వైపే తిరిగేవి.

“పాలు పొయ్యి మీద పెట్టి, ఇంకేముంది కాగిపోయాయిలే అని వీధిలోకి చూశామనుకో. అప్పుడే పొంగుతాయి. దించేదాకా అక్కడే ఉండాలిరా. కాగినాక కాదు, దించినాక వెళ్ళాలి.”

ఈ మాట నేను సోమవారం కాలేజీలో మాస్టారికి చెప్పాను. ఆయన విజిలు చేత్తో తిప్పుకుంటూ కాసేపు ఆలోచించారు. “పాతికేళ్ళనుంచీ ఆడిస్తున్నానోయ్, నాకు తట్టలేదు” అన్నారు. ఆ సాయంత్రమే లెక్చరరుగారి కుర్చీని కోర్టు ఒక చివర వేపచెట్టు చాటుకి మార్పించారు. ఎంత సమయముందో ఎవరూ అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు. విజిలు వినిపించేదాకా ఆట ఉన్నట్టే.

పుష్యమాసంలో గుంటూరు జట్టు మళ్ళీ వచ్చింది. మేము అయిదు పాయింట్లు ముందున్నాం. వాళ్ళు రెండు బుట్టలు వేసి ఒక్క పాయింటు దగ్గరికి వచ్చేశారు. కెప్టెను నన్ను చూశాడు. ఈసారి తిట్టలేదు. బంతి నా చేతికిచ్చి, “నువ్వుంచుకో” అన్నాడు. ఎంతసేపు పట్టుకుని తిప్పానో, ఎవరికి ఇచ్చి ఎవరి దగ్గర తీసుకున్నానో తెలియదు. విజిలు ఊదారట. మాకు వినిపించలేదు. లెక్చరరుగారు పంచె పట్టుకుని కోర్టులోకి పరిగెత్తుకొచ్చి, “అయిపోయిందయ్యా, ఆపండయ్యా!” అనేదాకా ఆడుతూనే ఉన్నాం. డాబా పిట్టగోడ మీదనుంచి పిన్నిగారి నవ్వు వినిపించింది. పగలంతా పస్తున్న మనిషి అంత గట్టిగా ఎలా నవ్వారో. ఆ తర్వాత మరో మూడు మ్యాచీలు వరసగా నిలబెట్టుకున్నాం.

ఇక్కడ ఆపేస్తే బాగుండును. కానీ ఆమె గురించి రాస్తూ ఆఖరిది వదిలేస్తే ఆమె ఒప్పుకోరు.

మాఘమాసంలో ఒక శనివారం మామూలుగా పదకొండింటికి వెళ్ళాను. వీధి నిండా చెప్పులున్నాయి. లోపల ఆడవాళ్ళ ఏడుపులు. శుక్రవారం సాయంత్రం టెలిగ్రాం వచ్చిందట. కొడుకు లేడు. నేను గుమ్మంలో కొయ్యబారిపోయాను. వసారాలో స్తంభానికి ఆనుకుని బాబాయిగారు కూర్చుని ఉన్నారు. పక్కన ఎవరో చుట్టాలు. ఆయన ఎవరినీ చూడకుండా అన్నారు.

“శనివారం పూట పొయ్యి వెలిగించింది. అదిగో, ఫలం.”

నన్ను చూసి అన్నారో, గోడను చూసి అన్నారో అప్పుడు తెలియలేదు. లోపల పిన్నిగారు కూడా విన్నారని మాత్రం తెలుసు. ఆ మాటతో ఆమె ఏడుపు ఆగిపోయింది. నేను వెనక్కి తిరిగి, చెప్పులు కూడా అక్కడే వదిలేసి, కాలవ గట్టుదాకా పరిగెత్తాను.

తర్వాత ఆ ఇంటికి వెళ్ళలేదు. కర్మకాండలన్నీ అయ్యాక ఒక శనివారం పొద్దున కోర్టు తడుపుతుంటే మళ్ళీ ఆ పొగగూట్లోంచి పొగ కనిపించింది. నాకోసమే అని తెలుసు. దిమ్మిస కొడుతూ తల దించుకున్నాను. మాస్టారు వచ్చి, “మీ పిన్నిగారు గోడ దగ్గర నిలబడి అడిగారోయ్, వాడికి ఒంట్లో బాగాలేదా అని” అన్నారు. “వేరే ఇల్లు కుదిరిందని చెప్పండి సార్” అన్నాను. మళ్ళీ అబద్ధం. శనివారాలు మళ్ళీ కుళాయి నీళ్ళే. మా జట్టు మళ్ళీ ఆఖర్లో ఓడిపోవడం మొదలుపెట్టింది. ఈసారి కెప్టెను ఏమీ అనలేదు. వాడికి అర్థమైంది. ఇంటినుంచి రైల్లో తెచ్చుకునే భోజనం గిన్నెలో సగం నాకు పెట్టేవాడు. అది గొంతు దిగేది కాదు. మాస్టారు మాత్రం నన్ను జట్టులోంచి తీయలేదు. అలా నా చదువు గట్టెక్కింది.

పిన్నిగారు మళ్ళీ ఒక్కసారే కనిపించారు. కిందటేడు బెజవాడ స్టేషన్లో. నేను ప్లాట్‌ఫారం మీద, ఆమె కదలబోతున్న రైలు కిటికీలో. బాగా తగ్గిపోయారు. నన్ను చూడగానే ఆ పెద్ద గొంతుతో, “శనివారాలు ఎక్కడ తింటున్నావురా?” అన్నారు. బాగున్నావా అని కాదు.

“ఇంట్లోనేనండీ. పెళ్ళయిందండీ.”

“పగలేనా?”

“పగలేనండీ.”

“సరే” అన్నారు. నా గొంతులో ఇంకో మాట ఉంది. నన్ను క్షమించండి పిన్నిగారూ అని. రైలు వెళ్ళిపోయింది. ఆఖరి అయిదు నిమిషాల్లో మళ్ళీ నా చేతుల్లోంచి జారిపోయింది.

కార్డు వచ్చాక, పిన్నిగారి పన్నెండో రోజుకి వెళ్ళడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ తర్వాత వచ్చిన శనివారం వెళ్ళాను. పొద్దున్నే బయల్దేరినవాణ్ణి, వీధి చివర రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి తలెత్తితే పొగగూట్లోంచి పొగ కనిపించింది. ఇక ఆగకుండా నేరుగా లోపలికి నడిచాను.

వంటింట్లో బాబాయిగారు. పొయ్యి ముందు గొంతుకూర్చుని, ఊదుగొట్టం పట్టుకుని దగ్గుతున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి, “వచ్చావా, కూర్చో. పుల్లలు పచ్చివి” అన్నారు. నేను ఊదుగొట్టం అందుకోబోతే ఇవ్వలేదు.

“మీరెందుకండీ ఈ పని? పక్కవాళ్ళెవరన్నా…”

“మీ పిన్ని మానలేదు. టెలిగ్రాం వచ్చినాక కూడా ప్రతి శనివారం పదకొండుకల్లా వండేది. నువ్వొస్తావని. నువ్వు రాలేదు. ఆ అన్నం నాకు పెట్టేది. మొదట్లో నేను ముట్టలేదు. తర్వాత తిన్నాను. తను మాత్రం చుక్క పొడిచేదాకా తినేది కాదు. ఇంక ఎవరి కోసమే ఈ పస్తు అంటే జవాబు చెప్పేది కాదు.”

అన్నం గిన్నె మీద మూత కదిలింది. ఆయన దాన్నే చూస్తూ చెప్పారు.

“ఆ రోజు నేనన్న మాట నువ్వు విన్నావు కదూ?”

“విన్నానండీ.”

“టెలిగ్రాం తర్వాత మిలటరీ నుంచి కాగితం వచ్చిందిరా. అందులో తేదీ ఉంది. వాడు పోయింది దసరాలకి ముందు. కబురు రావడానికి అన్నాళ్ళు పట్టింది. దసరాలకి ముందు ఈ ఇంట్లో శనివారం పొయ్యి వెలగలేదు. నీకోసం వెలిగించింది కార్తీకంలో.”

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమైనాక, “పిన్నిగారికి…” అన్నాను.

“దానికి చదువు రాదుగా. చదివింది నేను. నేను చెప్పలేదు.” ఊదుగొట్టం కింద పెట్టేశారు. “ఒక్కసారి అడిగింది. నేను వెలిగించడం వల్లేనంటారా అని. తప్పు నాదని ఒప్పుకోవాల్సి వస్తుందని నోరు మెదపలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. అయిదేళ్ళు గడిచిపోయాయి.”

కోపం రావాల్సింది నాకు. ఆయన మెడ పట్టుకుని అడగాల్సింది. కానీ ఏ మొహంతో? ఆయన మాట దాచుకున్నాడు, నేను మొహం దాచుకున్నాను. కొడుకును తన చేతులతో పోగొట్టుకున్నానేమోనన్న అనుమానంతో ఆమె అన్నేళ్ళు బతికారు. ఆ అనుమానం ఉండగానే ప్రతి శనివారం మళ్ళీ అదే పొయ్యి వెలిగించారు. ఆకలేసినవాడికి పెట్టడం తప్పని మాత్రం ఒప్పుకోలేదు. మా ఇద్దరిలో ఒక్కడు చివరిదాకా పక్కన నిలబడి ఉంటే చాలు, ఆమె నిశ్చింతగా పోయేవారు.

నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది. ఆయన ఆకు వేసి, నీళ్ళు చిలకరించి, గిన్నె దించారు. అన్నం అడుగంటింది, పైన పలుకు. పప్పులో ఉప్పు లేదు.

“ఎన్నింటికి ఆట?” అన్నారు ఉన్నట్టుండి. ఆ ప్రశ్న ఆమెది. ఆయన నోట ఎలా వచ్చిందో.

“ఇవాళ ఆట లేదండీ. నేను ఆడటం మానేసి చాలా కాలమైంది. పిల్లలకి నేర్పిస్తున్నా. మొన్న కూడా ముందుండి ఓడిపోయారు.”

“అయితే నెయ్యి వేసుకో” అన్నారు.

పెట్టింది మొత్తం తిన్నాను. తినగలిగినన్ని సార్లు అడిగి పెట్టించుకున్నాను. నాన్న చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది, పక్కన పెట్టేశాను. చెయ్యి కడుక్కుని డాబా ఎక్కాను. కోర్టు ఎండిపోయి ఉంది, ఇంకా ఎవరూ నీళ్ళు చల్లలేదు. రెండు గుంజలు, వల లేని బుట్టలు. పిట్టగోడ మీద ఆమె చేతులానించే చోట సున్నం అరిగిపోయి నున్నగా ఉంది. కింద బాబాయిగారు ఇంకా పొయ్యి ఆర్పలేదు. పచ్చిపుల్లల పొగ నా పక్కనించి లేచి, గోడ దాటి, ఆటస్థలం మీదుగా మెల్లిగా సాగిపోతోంది. అటు కోర్టులోంచి ఎవరన్నా తలెత్తితే కనిపించేంత పొగ.